కొండదారి నడకకు ఐదువ్రేళ్ళ జోళ్ళు

చేతికి తొడుగు కుట్టువాడు ఐదు వ్రేళ్ళకు ఐదు గూళ్ళు కుట్టును. కాలికి జోడు కుట్టువాడు మాత్రము ఐదు వ్రేళ్ళను ఒకే గూటిలో కుక్కును. చేతివ్రేళ్ళకు పని యున్నది, కాలివ్రేళ్ళకు పని లేదు అను భావమే దీనికి మూలము. ఈ భావము ఎంతవరకు నిజము? ఈ ప్రశ్న నుండి పుట్టినవే ఐదువ్రేళ్ళ జోళ్ళు. వీనిలో ఒక్కొక్క వ్రేలికి ఒక్కొక్క గూడు ఉండును. అడుగు పలుచగా, మెత్తగా ఉండును. మడమక్రింద ఎత్తు ఉండదు. కాలికి తొడిగినచో చేతితొడుగును కాలికి వేసినట్లు కనిపించును.

కొండలు, అడవిదారులు నడచువారిలో కొందరు వీనిని ఎంతో మెచ్చుకొందురు. పాదము తేలికైనదనియు, నేల స్పర్శ తెలియుచున్నదనియు చెప్పుదురు. మరికొందరు రెండు నెలలలోనే పాదపుటెముక చిట్లి ఆసుపత్రికి పోవలసి వచ్చినదని వాపోవుదురు. ఇద్దరు చెప్పునదియు నిజమే కావచ్చును. ఒకే వస్తువు ఒకరికి మేలు, మరొకరికి కీడు ఎట్లు చేయగలదో తెలిసికొన్నచో, దానిని ఎవరు, ఎప్పుడు, ఎట్లు ఎన్నుకొనవలెనో తెలియును.

ఇవి ఎట్లు పుట్టినవి?

వ్రేళ్ళను వేరుచేయు జోడు పూర్తిగా క్రొత్తది కాదు. జపాను దేశములో బొటనవ్రేలిని మిగిలిన నాలుగింటినుండి వేరుచేయు ‘తబి’ అను మేజోడు చాలకాలమునుండి వాడుకలో ఉన్నది. దానికి రబ్బరు అడుగు అతికించి, ఆరుబయట పనిచేయు కూలీలకు పనికివచ్చు ‘జికాతబి’ జోడును ఇషిబాషి షోజిరో 1923లో అమ్మకమునకు తెచ్చెను. తరువాత 1931లో బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల సంస్థను స్థాపించినది ఈయనయే. 1951లో బోస్టన్ మారథాన్ పరుగుపందెమును గెలిచిన జపాను యువకుడు షిగెకి తనాకా ఇటువంటి చీలిన జోళ్ళనే ధరించి పరుగెత్తెను.

ఐదు వ్రేళ్ళను వేరుచేయు జోడు కథ ఇటలీలో మొదలగుచున్నది. 1935లో ఆల్ప్స్ పర్వతములలోని పుంటా రాసికా శిఖరముపై ఆరుగురు పర్వతారోహకులు ప్రాణములు కోల్పోయిరి. వారి జోళ్ళు చలికిని మంచుకును తగినవి కాకపోవుట ఇందుకొక కారణమని వారి మిత్రుడు విటాలే బ్రమానీ తలచెను. ఆయన లోతైన గాళ్ళు గల దళసరి రబ్బరు అడుగును రూపొందించి 1937 నాటికి వాడుకలోనికి తెచ్చెను. తన పేరులోని మొదటి అక్షరములను కలిపి దానికి ‘విబ్రమ్’ అని పేరు పెట్టెను. 1954లో కె-2 శిఖరమును మొదటిసారి ఎక్కిన ఇటలీవారి కాళ్ళ క్రింద ఉన్నవి ఈ అడుగులే.

విచిత్రమేమనగా, పాదమును నేలనుండి దళసరి రబ్బరుతో వేరుచేసి ప్రసిద్ధి కెక్కిన సంస్థయే, ఏడు దశాబ్దముల తరువాత పాదమును నేలకు తిరిగి దగ్గర చేయు జోడును తయారు చేసెను. 1999లో రాబర్ట్ ఫ్లిరి అను రూపకల్పన విద్యార్థి ఈ ఊహను వ్యక్తపరచెను. కొన్ని సంవత్సరముల తరువాత అది ‘ఫైవ్‌ఫింగర్స్’ అను పేరుతో అంగళ్ళకు వచ్చెను. మొదట పడవలు నడపువారికిని, నీటి ఆటలవారికిని ఉద్దేశింపబడిన ఈ జోళ్ళను తరువాత పరుగెత్తువారు, కొండదారులు నడచువారు స్వీకరించిరి.

పాదములోని పనిముట్లు

ఒక్క పాదములో 26 ఎముకలు కలవు: మడమ, చీలమండ ప్రక్కన 7, పాదపు నడుమ పొడవుగా 5, వ్రేళ్ళలో 14. రెండు పాదములలో కలిపి 52. మన శరీరములోని 206 ఎముకలలో నాలుగవ వంతు పాదములలోనే ఉన్నవన్నమాట. పాదపు నడుమనున్న 5 పొడవైన ఎముకలకు ప్రపదాస్థులు అని పేరు. ఇవి పెన్సిలువలె సన్ననివి. ఈ వ్యాసములో వీని ప్రస్తావన మరల వచ్చును గనుక పాఠకులు గుర్తుంచుకొనవలెను.

పాదపు లోపలి అంచున ఒక వంపు ఉండును. అడుగు వేసినప్పుడు బరువుక్రింద అది కొంచెము చదునై, అడుగు ఎత్తునప్పుడు మరల లేచును. విల్లు వంగి తిరిగి సాగినట్లే ఇది కొంత శక్తిని దాచి తిరిగి ఇచ్చును. వంపును నిలబెట్టునవి స్నాయువులు, సంధిబంధనములు, పాదములోనే పుట్టి పాదములోనే ముగియు చిన్న కండరములు. వ్రేళ్ళు నేలను నొక్కినప్పుడెల్ల ఈ చిన్న కండరములు పనిచేయును. గట్టి అడుగుగల ఇరుకు జోడులో వ్రేళ్ళు కదలవు. కదలనిచో వానికి పని తగ్గును. పని తగ్గిన కండరము బలహీనపడును.

అరికాలి చర్మములో స్పర్శను, ఒత్తిడిని, అదురును గుర్తించు నాడీ అగ్రములు కలవు. నేల ఏటవాలుగా ఉన్నదా, జారుచున్నదా, క్రింద రాయి కదలుచున్నదా అను వార్త వీని ద్వారా వెన్నుపామునకును మెదడునకును పోవును. అందుకు తగినట్లు కాలు సర్దుకొనును. దళసరి అడుగు ఈ వార్తను మందగింపజేయును. అయితే అరికాలు సహజముగా మొద్దుబారిననూ ఈ నష్టమే కలుగునా? 2019లో కెన్యా దేశములో చెప్పులు లేకుండ నడచువారిని, చెప్పులు తొడుగువారిని పోల్చి చూచిన పరిశోధకులకు ఒక ఆశ్చర్యకరమైన విషయము తెలిసెను. చెప్పులు లేనివారి అరికాలి చర్మము దళసరిగా ఉన్నను స్పర్శజ్ఞానము తగ్గలేదు. గట్టిపడిన చర్మము ఒత్తిడిని లోపలికి చేరవేయును. మెత్తని అడుగు దానిని మింగివేయును.

రాతిమొన లెక్క

ఇక జోడు యొక్క రక్షణ ఎట్టిదో లెక్కగట్టి చూతము. ఒత్తిడి అనగా బలమును వైశాల్యముచే భాగించగా వచ్చునది. 60 కిలోగ్రాముల మనిషి ఒంటికాలిపై చదునైన నేలమీద నిలిచినాడనుకొందము. నేలకు తగులు అరికాలు సుమారు 100 చ.సెం.మీ. అయినచో ఒక్కొక్క చ.సెం.మీ.పై పడు బరువు 0.6 కి.గ్రా. మాత్రమే. ఆ కాలిక్రింద ఒక రాయి లేచి ఉండి, దాని 2 చ.సెం.మీ. మొన 20 కిలోగ్రాముల బరువును మోసినచో, అచ్చట చ.సెం.మీ.పై 10 కి.గ్రా. పడును. అనగా సుమారు 17 రెట్లు. గట్టి అడుగు ఈ 20 కిలోగ్రాములను 40 చ.సెం.మీ.కు పంచిపెట్టినచో అది 0.5 కి.గ్రా.కు దిగిపోవును. పలుచని అడుగు మొన గీరుకొనకుండ కాపాడును గాని, ఒత్తిడిని ఇంతగా పంచిపెట్టలేదు. అందుచేతనే కొండదారికై చేసిన ఐదువ్రేళ్ళ జోళ్ళలో కొన్నిటికి రబ్బరులోపల గట్టి వలవంటి పొరను చేర్చుచున్నారు.

బరువు విషయములో లాభము ఐదువ్రేళ్ళ జోడుకే. 1969లో అమెరికా సైన్యపు పరిశోధకులు చేసిన కొలతలనుబట్టి, మన సొంత శరీరములోని ఒక కిలోగ్రామును నడకలో మోయుటకు అగు శక్తికంటె, పాదమునకు కట్టిన ఒక కిలోగ్రామును మోయుటకు 4 నుండి 6 రెట్లు శక్తి కావలెను. ఎందువలననగా పాదము ప్రతి అడుగునకు ఆగి, లేచి, వేగము పుంజుకొని, మరల ఆగవలెను. జత 1200 గ్రాములున్న బూట్లకు బదులు 350 గ్రాముల జోళ్ళు తొడిగినచో పాదములపై 850 గ్రాములు తగ్గును. ఇది శరీరముపై 3.4 నుండి 5.1 కిలోగ్రాములు తగ్గించినదానితో సమానము.

పరిశోధనలు ఏమి చెప్పుచున్నవి?

మన దేశమునుండి వచ్చిన ఒక పరిశోధన ప్రపంచమంతట తరచుగా ఉదాహరింపబడుచున్నది. 1992లో రావు, జోసెఫ్ అను వైద్యులు 2300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించిరి. జోళ్ళు తొడుగు పిల్లలలో నూటికి 8.6 మందికి పాదపు వంపు లేకుండెను; తొడగనివారిలో అట్టివారు నూటికి 2.8 మంది మాత్రమే. వ్రేళ్ళను పూర్తిగా మూయు బూట్లు తొడిగినవారిలో ఈ లోపము ఎక్కువగను, చెప్పులు తొడిగినవారిలో తక్కువగను కనిపించెను. ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయమువారు 2021లో ప్రకటించిన పరిశోధనలో, ఆరు నెలలపాటు పలుచని జోళ్ళతో రోజువారీ పనులు చేసికొన్నవారి వ్రేళ్ళ బలము సగటున నూటికి 57 వంతులు పెరిగినది. ఇది పరుగువలన వచ్చిన ఫలితము కాదు, సాధారణమైన నడకవలన వచ్చినది.

పరుగు విషయములో కథ వేరు. 2010లో హార్వర్డు ఆచార్యుడు డేనియల్ లీబర్‌మన్, ఆయన సహచరులు ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. చెప్పులు లేకుండ పరుగెత్తుట అలవాటైనవారు పెక్కుమంది పాదపు ముందుభాగమును మొదట నేలకు ఆనింతురనియు, అందువలన మడమ తగిలినప్పుడు పుట్టు ఆకస్మికమైన అదటు వారికి కలుగదనియు వారు చూపిరి. దీనితో పలుచని జోళ్ళ మోజు పెరిగెను. కాని 2013లో ఉత్తర కెన్యాలోని దాసనచ్ ప్రజలను పరిశీలింపగా, చెప్పులు లేకున్నను వారిలో ఎక్కువమంది తమకు అనుకూలమైన వేగములో మడమనే మొదట ఆనించిరి. కనుక ‘ప్రకృతి నియమము’ ఒక్కటే అని చెప్ప వీలులేదు. అంతేకాక, నడకలో వట్టికాలితోనైనను మడమయే మొదట నేలకు తగులును. పరుగుపై చేసిన పరిశోధనల ఫలితములను కొండనడకకు అట్లే అంటగట్టుట సరికాదు.

అదే 2013లో మరొక పరిశోధన హెచ్చరికగా వచ్చెను. అనుభవముగల 36 మంది పరుగువారిని తీసికొని, వారిలో 19 మందిని 10 వారములలో క్రమముగా ఐదువ్రేళ్ళ జోళ్ళకు మార్చిరి. చివర అయస్కాంత ప్రతిబింబ పరీక్ష చేయగా ఆ 19 మందిలో 10 మందికి పాదపుటెముకలలో ఒత్తిడివలన కలుగు వాపు పెరిగి కనిపించెను. ఈలోగా ఈ జోళ్ళు కండరములను బలపరచుననియు, గాయములను తగ్గించుననియు చేసిన ప్రచారమునకు తగిన ఆధారము లేదని అమెరికాలో 2012లో దావా పడెను. 2014లో సంస్థ, తప్పు ఒప్పుకొనకయే, 37 లక్షల 50 వేల డాలర్లకు రాజీపడినది. తగిన శాస్త్రీయ ఆధారము లేనిదే అట్టి ప్రచారము చేయబోమని అంగీకరించినది.

ఎముక ఎందుకు చిట్లును?

ఈ రెండు విధముల ఫలితములకు పొంతన ఎట్లు కుదురును? జవాబు ఎముక స్వభావములో ఉన్నది. ఎముక రాయి వంటి జడపదార్థము కాదు. అది ప్రాణముగల ధాతువు. క్రొత్త బరువు పడినప్పుడు అది బలపడును. అయితే బలపడుటకు ముందు పాత భాగమును కరగించి, తరువాత క్రొత్త భాగమును నింపును. ఇల్లు మరమ్మతు చేయునప్పుడు పాతగోడను కొంత పడగొట్టక తప్పనట్లే ఇదియును. మొదటి కొన్ని వారములలో ఎముక మునుపటికంటె బలహీనముగా ఉండవచ్చును. పూర్తిగా గట్టిపడుటకు నెలలు పట్టును. కండరము ఇంతకంటె త్వరగా బలపడును. మూడు వారములు గడచునప్పటికి నడచువానికి ‘నాకు అలవాటైనది’ అనిపించును. అది కండరముల మాట. ఎముక ఇంకను మరమ్మతులోనే ఉన్నది. ఆ ధైర్యముతో అతడు ఒకేరోజున 10 కి.మీ. కొండ ఎక్కినచో, అడుగుకు 70 సెం.మీ. చొప్పున 14 వేల అడుగులు. ఒక్కొక్క కాలికి 7 వేలు. సన్నని ప్రపదాస్థిలో వెంట్రుకవంటి బీట పుట్టుట కిదియే అదను.

ఈ జబ్బు క్రొత్తది కాదు. దూరప్రయాణములు చేసిన సైనికుల పాదములలోని నొప్పిని, వాపును 1855లోనే ప్రష్యా సైనికవైద్యుడు బ్రైట్‌హాప్ట్ వర్ణించెను. ఎక్స్‌కిరణములు కనుగొనబడిన పిమ్మట అది ప్రపదాస్థులు చిట్లుటవలన కలుగునదని తేలెను. పాదము పైభాగమున ఒకే చోట వ్రేలితో నొక్కినప్పుడు పదునైన నొప్పి కలుగుట, నడచినకొలది అది పెరుగుట దీని గుర్తులు. అట్టి నొప్పి వచ్చినప్పుడు ఓర్చుకొని నడచుట వీరత్వము కాదు. వెంటనే ఆపి వైద్యునికి చూపవలెను.

ఎంపికకు ముందు చేయదగిన పరీక్షలు

ఇవి తరగతిలోనే చేయించదగినవి. ఖర్చు లేదు.

మొదటిది: కాగితముపై వట్టికాలితో నిలిచి పాదముచుట్టు పెన్సిలుతో గీత గీయవలెను. దానిపై ఇప్పుడు తొడుగుచున్న బూటును పెట్టి మరొక గీత గీయవలెను. చాలమంది పిల్లల వ్రేళ్ళు బూటుగీతను దాటి బయటికి వచ్చుట చూడవచ్చును. మామూలు బూటులో వ్రేళ్ళు ఎంత ఒదిగి ఉన్నవో ఈ పటమే చెప్పును.

రెండవది: తడికాలితో బండపై అడుగువేసి ముద్రను చూడవలెను. మడమకును ముందుభాగమునకును నడుమ సన్నని పట్టీ ఉన్నచో వంపు సామాన్యము. పాదమంతయు ముద్ర పడినచో వంపు తక్కువ. నొప్పి లేనిచో అది రోగము కాదు. కాని పలుచని జోడుకు మారుటలో ఎక్కువ నిదానము అవసరము.

మూడవది: కూర్చుండి బొటనవ్రేలిని మాత్రము ఎత్తి, మిగిలిన నాలుగింటిని నేలపై ఉంచుటకు ప్రయత్నింపవలెను. తరువాత బొటనవ్రేలిని నేలపై ఉంచి నాలుగింటిని ఎత్తవలెను. బూట్లకు అలవాటుపడిన కాలికి ఇది మొదట సాధ్యము కాకపోవచ్చును. సాధన చేసినచో కొన్ని వారములలో వచ్చును. ఈ పని రానివాడు జోడు కొనుటకు ముందు దీనినే సాధన చేయుట మంచిది.

నాలుగవది: గోడకు మడమ ఆనించి నిలిచి, అన్నిటికంటె పొడవైన వ్రేలి కొన వరకు కొలవవలెను. రెండు పాదములను కొలవవలెను. అవి సమానముగా ఉండవలెనను నియమము లేదు. సాయంత్రమున పాదము కొంచెము ఉబ్బును గనుక ఆ వేళ కొలుచుట మేలు.

జోడు ఎట్లుండవలెను?

మామూలు బూటు కొనునప్పుడు ముందుభాగమున బొటనవ్రేలి వెడల్పంత ఖాళీ విడిచెదము. ఐదువ్రేళ్ళ జోడుకు ఈ సూత్రము పనికిరాదు. గూటి కొన ఖాళీగా ఉన్నచో అది మడతపడి తట్టుకొనును. వ్రేలికొన గట్టిగా ఒత్తుకొన్నచో దిగుడుదారిలో గోరు నల్లబడును. ప్రతి వ్రేలు తన గూటి చివరకు తాకవలెను గాని ఒత్తుకొనరాదు. కొందరికి రెండవ వ్రేలు బొటనవ్రేలికంటె పొడవుగా ఉండును. కొందరికి రెండు వ్రేళ్ళు చర్మముతో కలిసియుండును. అట్టివారికి ఈ జోడు కుదరకపోవచ్చును. దానికి బదులు వ్రేళ్ళన్నిటికి విశాలమైన ఒకే గూడు, పలుచని అడుగు గల జోడును ఎన్నుకొనవచ్చును. పాదమునకు కలుగు లాభములో పెద్దభాగము వ్రేళ్ళు వేరగుటలో గాక వ్రేళ్ళు విచ్చుకొనుటలో ఉన్నది.

జోడు ఎంత పలుచనిదో చెప్పుటకు 2015లో 11 దేశముల నిపుణులు 42 మంది ఐదు లక్షణములను అంగీకరించిరి: వంగు గుణము, బరువు, అడుగు దళసరితనము, మడమకును ముందుభాగమునకును గల ఎత్తు భేదము, పాదమును పట్టి ఆపు అమరికలు. కొనువాడు చేతితోనే వీనిని పరీక్షింపవచ్చును. జోడును చాపవలె చుట్టి చూడవలెను, మెలితిప్పి చూడవలెను, అరచేతిలో తూచి చూడవలెను.

ఇంటికిని పచ్చికబయలునకును పనికివచ్చు అత్యంత పలుచని రకము కంకరదారికి పనికిరాదు. కొండదారికి అడుగున గాళ్ళు, రాతి ఒత్తిడిని పంచు లోపలి పొర, వ్రేళ్ళకొనలను కప్పు రబ్బరు ఉండవలెను. తడిబండలపై మెత్తని రబ్బరు బాగుగా పట్టును గాని త్వరగా అరుగును. వ్రేళ్ళ సందులలో పుల్లలు, గడ్డిపోచలు చిక్కుకొనుట ఈ జోళ్ళకు సహజమైన లోపము. చలిప్రదేశములలో మరొక లోపము కనిపించును: ఒకదానికొకటి ఆనియున్న వ్రేళ్ళు వేడిని కాపాడుకొనును, విడిపోయిన వ్రేళ్ళు త్వరగా చల్లబడును. మంచుకొండలకు ఇవి తగవు.

మధుమేహమువలన పాదములలో స్పర్శ తగ్గినవారు వీనిని తొడుగరాదు. గాయమైనను వారికి తెలియదు. ఎముక ఇటీవల విరిగి అతుకుకొన్నవారు, మడమనొప్పి గలవారు వైద్యుని అడుగక ప్రయత్నింపరాదు. వీపుపై పెద్దమూట మోయువారికి గట్టి అడుగే మేలు. తుమ్మముళ్ళు, పాములు గల మన అడవిదారులలో పలుచని అడుగు ముల్లును నమ్మకముగా ఆపలేదు. చీలమండను ఏమియు కప్పదు. పాముకాట్లలో అధికభాగము కాలి దిగువభాగముననే పడును. అట్టి చోట్ల చీలమండ దాటు బూటే సురక్షితము.

అలవాటు చేసికొను విధము

మొదటి రెండు వారములు ఇంటిలోను, చదునైన నేలపైనను రోజుకు 15, 20 నిమిషములు చాలును. తరువాత వారమువారమునకు కొంచెము పెంచవలెను. మట్టిబాటకు, పిమ్మట కంకరకు, చివరకు కొండకు పోవలెను. మొదటి కొండనడకలలో పాతజోళ్ళను సంచిలో పెట్టుకొని, అలసట తోచగానే మార్చుకొనవలెను. ఎత్తుమడమకు అలవాటుపడిన పిక్కలు, మడమవెనుక స్నాయువు మొదట లాగుట సహజము. ఆ లాగుడు ఒకటి రెండు రోజులలో తగ్గవలెను. తగ్గనిచో వేగము ఎక్కువైనదని అర్థము. ఎముక లెక్కనుబట్టి ఈ మార్పునకు వారములు గాక నెలలు కేటాయింపవలెను.

అలిపిరినుండి తిరుమలకు 3550 మెట్లు కలవు. ప్రతిదినము పొలముగట్లపై వట్టికాళ్ళతో నడచు రైతు, ఏడాదికొకసారి బూట్లు విడిచి వచ్చు పట్టణవాసి, ఇద్దరును వట్టికాళ్ళతోనే ఆ మెట్లెక్కుదురు. మెట్లు ఇద్దరికి ఒక్కటియే. మరునాటి ఉదయము మాత్రము ఒక్కటి కాదు. భేదము జోడులో లేదు, ఆ పాదములు గడపిన సంవత్సరములలో ఉన్నది. ఐదువ్రేళ్ళ జోడు ఆ సంవత్సరములను అంగడిలో అమ్మజాలదు. పాదము తన పని తాను నేర్చుకొనుటకు అది అవకాశమిచ్చును. నేర్చుకొనుటకు కావలసిన కాలమును తొడుగువాడే ఇయ్యవలెను.